యాభై దాటగానే గుర్రుమనే ఇంజన్

"ఏమ్మా, తీరిగ్గా ఉన్నావా?" అని డాక్టర్ గారు ఫోన్ చేశారంటే నాకు శనివారం పోయినట్టే. ఆయన కాకినాడలో ఎంబీబీఎస్ చదివి, ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో ఓ చిన్న ఊళ్ళో ముప్ఫై ఏళ్ళకు పైగా జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా, చేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక అందరూ క్రూయిజులకు వెళితే ఈయన మాత్రం 1930ల నాటి ఇంగ్లీషు కారు ఒకటి కొన్నారు. ఆరు సిలిండర్లు, పొడుగాటి బోనెట్, లోపల తోలు సీట్ల వాసన. ఆయన పేరూ చెప్పను, కారు పేరూ చెప్పను, ఇద్దరికీ పరువు ఉంది. నా ఉద్యోగం కార్లలో చప్పుళ్ళు, వణుకులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పట్టుకోవడం. అది తెలిసినప్పట్నుంచి ఆయన నన్ను స్పెషలిస్టుకు రిఫర్ చేసినట్టే పిలుస్తారు.

ఈసారి కంప్లయింటు ఏమిటంటే, యాభై మైళ్ళు దాటగానే ఇంజన్ గుర్రుమంటోంది, యాభై అయిదు దాటితే మళ్ళీ మామూలే. అప్పటికే ఓ వర్క్‌షాప్ వాళ్ళు ఇంజన్ మౌంటింగులు మార్చారు, కార్బురేటర్ విప్పి సర్దారు, ఇంజన్ శక్తిని వెనక చక్రాల దాకా మోసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ బ్యాలెన్స్ చేశారు. బిల్లు మాత్రం తగ్గలేదు, గుర్రూ తగ్గలేదు. పైగా ఇంజన్ ఎంత నున్నగా తిరుగుతోందో చూడమని రాకర్ కవర్ మీద, అంటే ఇంజన్ పైమూత మీద, నాణెం నిలబెట్టి మరీ చూపించారట. డాక్టర్ గారు నాకూ చూపించారు. నిజమే, ఇంజన్ తిరుగుతుంటే నాణెం పడలేదు. పాత లగ్జరీ కార్ల వాళ్ళకు ఈ నాణెం విద్య మహా ఇష్టం. నాకు మాత్రం అది చూస్తే ఒళ్ళు మండుతుంది. ఇంజన్ మొత్తం ఊగుతోందా లేదా అన్నదే నాణెం చెబుతుంది. లోపల క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్ల తోపుతో తిరిగే ఉక్కు ఇరుసు, మెలి తిరుగుతోందా లేదా అన్నది దానికి తెలియదు.

ఈ రెండూ వేరు. పిస్టన్లు పైకీ కిందికీ పోతుంటే, బరువులు సరితూగకపోతే, ఇంజన్ దిమ్మంతా కదులుతుంది. అది సీటుకు తెలుస్తుంది, స్టీరింగ్‌కు తెలుస్తుంది, నాణేనికీ తెలుస్తుంది. కుదురుగా కట్టిన ఆరు సిలిండర్ల ఇంజన్‌లో ఈ బాధ దాదాపు ఉండదు, ఒకదాని తోపును ఇంకోటి రద్దు చేస్తుంది. లగ్జరీ కార్లవాళ్ళు 'ఆరు' వెంట పడింది అందుకే. కానీ ఆరు సిలిండర్లంటే క్రాంక్ పొడుగు. వెనక కొసన ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది, అది చటుక్కున కదలదు. ముందు కొసను పట్టుకునేవాళ్ళు లేరు. ఒక్కో సిలిండర్లో గ్యాసు పేలినప్పుడల్లా క్రాంక్‌కు ఒక తోపు. తడి పంచెను ఒకరు గట్టిగా పట్టుకుని నిలబడితే ఇంకొకరు రెండో కొసను పిండినట్టు, ముందు భాగం కాస్త మెలిపడి మళ్ళీ విప్పుకుంటుంది. ఉక్కే అయినా మెలిపడుతుంది. ఇలా మెలిపడి విప్పుకోవడానికి ప్రతి క్రాంక్‌కూ సొంత వేగం ఒకటుంటుంది, సెకనుకు ఇన్నిసార్లు అని. పేలుళ్ళ లయ దానితో కలిసిందా, ఒక్కో తోపూ ముందటిదానికి తోడై మెలి పెరుగుతూ పోతుంది. స్కూల్లో అనునాదం అని చదువుకున్నామే, అదే ఇది. ఇంజన్ దిమ్మ అంగుళం కూడా కదలదు. లోపల క్రాంక్ మాత్రం చస్తూ ఉంటుంది.

1904 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో ఆరు సిలిండర్ల కార్లను గట్టిగా అమ్మకానికి పెట్టింది నేపియర్ కంపెనీ. వాళ్ళ కార్లను అమ్మిన ఎస్.ఎఫ్. ఎడ్జ్ మహా మాటకారి. ఒక వేగం దగ్గర ఇంజన్ గడగడలాడుతోందని కొన్నవాళ్ళు అడిగితే, అది 'పవర్ రాటిల్' అనేవాడని చెబుతారు, ఏదో శక్తి ఎక్కువై వచ్చే చప్పుడన్నట్టు. జబ్బుకు అందమైన పేరు పెట్టి అమ్మేయడం మన కాలంలో పుట్టిన విద్య కాదన్నమాట.

రోల్స్ రాయిస్‌కూ ఇదే తగులుకుంది. 1905లో వాళ్ళు తెచ్చిన 30 హార్స్‌పవర్ కారుకు ఆరు సిలిండర్లు, రెండేసి చొప్పున మూడు దిమ్మలుగా పోత పోసినవి. చిన్న కార్లకు వాడిన దిమ్మలనే పక్కపక్కన పెట్టుకుంటూ పోయారు. లెక్కకు బాగానే ఉంది, చేతికి అంది వచ్చే భాగాలు, ఖర్చూ తక్కువ. కానీ క్రాంక్ పొడుగై, ఆ పొడుగుకు సన్నమైంది. వణికింది, క్రాంకులు విరిగాయి. హెన్రీ రాయిస్ మాంచెస్టర్‌లో డైనమోలు, కరెంటు క్రేన్లు చేసుకుంటూ పైకొచ్చిన మనిషి, తిరిగే యంత్రాలతోనే బతికినవాడు. ఇది బరువులు సరితూగని జబ్బు కాదు, మెలి జబ్బు అని ఆయన పోల్చుకున్నాడు. 1906 నవంబరులో లండన్ ఒలింపియా మోటార్ షోలో చూపించిన 40/50 కారులో అలా పోల్చుకున్న ఫలితమంతా కనబడుతుంది. తర్వాత సిల్వర్ గోస్ట్ అని పేరు పడ్డది అదే. సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మలు చేశాడు. మూడేసి సిలిండర్ల ఇంజన్లు రెంటిని ఎదురెదురుగా నిలబెట్టి కలిపినట్టు, ముందు సగానికి వెనక సగం అద్దంలో బొమ్మలా ఉంటుంది. క్రాంక్‌ను లావు చేశాడు, దాన్ని మోయడానికి ఏడు మెయిన్ బేరింగులు వేశాడు.

ఆ 'లావు చేశాడు' అన్న ముక్క దగ్గర కాస్త ఆగాలి. షాఫ్ట్ లావును ఒకటిన్నర రెట్లు చేస్తే, మెలికి ఎదురు తిరిగే బిగువు ఒకటిన్నర రెట్లు కాదు, అయిదు రెట్లు పెరుగుతుంది. ఒకటిన్నరను నాలుగుసార్లు వేసుకుని హెచ్చవేయాలి మరి. మిగతా బరువులు మారలేదనుకుంటే దాని సొంత వేగం రెండుంబావు రెట్లవుతుంది. అంటే సెకనుకు 60 సార్లు ఊగే క్రాంక్ 135 సార్లు ఊగుతుంది. ఆ రోజుల్లో ఇంజన్లు నిమిషానికి పన్నెండు వందల చుట్ల దగ్గరే పూర్తి శక్తినిచ్చేవి. కాబట్టి జబ్బును నయం చెయ్యకపోయినా, అది మనం తిరిగే వీధిలోకి రాకుండా నాలుగు వీధుల అవతలకు తరిమేయొచ్చు. రాయిస్ మొదట చేసింది అదే. తర్వాత క్రాంక్ ముందు కొసన రాపిడితో పనిచేసే చిన్న ఫ్లైవీల్ కూడా తగిలించాడు.

దాదాపు అదే రోజుల్లో కోవెంట్రీలో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంజనీరుకూ ఇదే తలనొప్పి. 1909లో డైమ్లర్ కంపెనీ ఆయన్ను సలహాదారుగా పెట్టుకుంది. రాజుగారి కార్లు చేసే కంపెనీ అది. స్లీవ్ వాల్వ్ ఇంజన్లు తెచ్చింది, వాల్వుల టకటకలు లేని నిశ్శబ్దమైన ఇంజన్లు. మిగతా చప్పుళ్ళన్నీ పోయాయి కనుక క్రాంక్ గుర్రు ఒక్కటే చెవిన పడేది. లాంచెస్టర్ 1910లో తన డ్యాంపర్‌కు, అంటే మెలిని అణిచే పరికరానికి, పేటెంట్ తీసుకున్నాడు. రాయిస్ ముందా, లాంచెస్టర్ ముందా అన్న వాదన పాత కార్ల అభిమానుల మధ్య ఇప్పటికీ చాయ్ చల్లారేదాకా నడుస్తుంది. నన్నడిగితే నేను లాంచెస్టర్ వైపు. కారణం చాలా చిన్నది. ఆయన రాసిన లెక్కలు చదివితే అర్థమవుతాయి.

అసలు ఈ జబ్బు ఓడలవాళ్ళకు అప్పటికే తెలుసు. ఆవిరి ఓడల ప్రొపెల్లర్ షాఫ్టులు లెక్క ప్రకారం విరగకూడని చోట విరిగేవి. హాంబర్గ్‌లో హెర్మన్ ఫ్రామ్ అనే ఇంజనీరు నడుస్తున్న ఓడల్లోనే షాఫ్ట్ ఎంత మెలిపడుతోందో కొలిచి 1902లో అచ్చు వేయించాడు. ఆ వ్యాసం ఓడల రేవు దాటి కార్ల షెడ్డుకు రావడానికి టైము పట్టింది, అంతే.

సరే, డాక్టర్ గారి కారు దగ్గరికొద్దాం. నేను మొదట అడిగింది "ఎంత గట్టిగా వస్తోంది?" అని కాదు, "సరిగ్గా ఎంత స్పీడులో వస్తోంది?" అని. ఇద్దరం రోడ్డెక్కాం. ఆ కారుకు ఇంజన్ చుట్లు చెప్పే మీటరు లేదు, స్పీడో మాత్రమే. టాప్ గేర్‌లో 51 మైళ్ళ దగ్గర గుర్రు పట్టుకుంది. మూడో గేర్‌కు దింపి మళ్ళీ ఎక్కించమన్నాను. ఈసారి 34 దగ్గరే వచ్చింది. ఇది చాలు, సగం జబ్బులు జాబితాలోంచి కొట్టేయొచ్చు. చక్రాలు, ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనక యాక్సిల్ ఇవన్నీ కారు స్పీడును బట్టి తిరుగుతాయి, గేరుతో వాటికి పని లేదు. గేరు మారితే గుర్రు వచ్చే స్పీడు మారిందంటే దోషం ఇంజన్ వైపుదే. ముందు వర్క్‌షాప్ వాళ్ళు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పెట్టించిన ఖర్చు ఈ ఒక్క గేరు మార్పుతో తప్పేది.

"ఇప్పుడు 51లోనే క్లచ్ తొక్కి, యాక్సిలరేటర్ వదిలేయండి" అన్నాను. గుర్రు మాయం. తర్వాత పక్కకు ఆపి, న్యూట్రల్‌లో ఇంజన్‌ను మెల్లగా పైకి తీసుకెళ్ళమన్నాను. గుర్రు వచ్చింది, కానీ సన్నగా, ఎక్కడో పక్కింట్లో మోటారు ఆడుతున్నట్టు. ఇదీ ముఖ్యమే. ఫ్లైవీల్ బరువు సరితూగకపోతే దానికి లోడు ఉన్నా లేకపోయినా ఒకటే, అంతే వేగంలో అంతే ఊగుతుంది. మెలి అలా కాదు. దాన్ని తోసేది సిలిండర్లో పేలే గ్యాసు. ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే తోపు పెద్దది, న్యూట్రల్‌లో చిన్నది. ఆయన చిన్న గుట్ట ఒకటి ఎక్కిస్తుంటే నేను చూశాను, గుర్రు కాస్తా గర్జన అయింది.

"అంటే ఏంటమ్మా, ఎక్సర్‌సైజ్ చేసినప్పుడే వచ్చే నొప్పా?" అన్నారు.

"అంతేనండి. యాంజైనా లాంటిదే అనుకోండి."

ఆ తర్వాత ఆయన మొహంలో సీరియస్‌నెస్ వచ్చింది. డాక్టర్లతో వాళ్ళ భాషలో మాట్లాడితే పని తొందరగా అవుతుంది.

తర్వాతి వారం సామాను తీసుకుని వెళ్ళాను. పెద్ద సామానేం కాదు. క్రాంక్ ముందు పుల్లీ చుట్టూ నలుపు తెలుపు చారల టేపు అంటించాను, దానికెదురుగా వెలుతురు సెన్సార్ ఒకటి బిగించాను. ఒక్కో చార దాటడానికి ఎంతసేపు పట్టిందో అది రాసుకుంటుంది. క్రాంక్ నిలకడగా తిరిగితే చారలన్నీ సమాన వ్యవధిలో దాటాలి. మెలిపడి విప్పుకుంటుంటే కొన్ని చారలు తొందరపడతాయి, కొన్ని ఆలస్యమవుతాయి. వెనక ఫ్లైవీల్ పళ్ళ దగ్గర ఇంకో సెన్సార్. టేపు అతుకు దగ్గర ఒక చార కాస్త వెడల్పు వస్తుంది, దాన్ని లెక్కలోంచి తీసేయకపోతే తప్పుడు వణుకు ఒకటి పుట్టుకొస్తుంది. ఈ టేపు అంటించడమే అసలు పని, మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది. పుల్లీకి పట్టిన జిడ్డు స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, గాలి బుడగ లేకుండా అంటించడానికి నాకు కారు నడపడం కంటే ఎక్కువ టైము పట్టింది. డాక్టర్ గారి శ్రీమతి రెండుసార్లు కాఫీ పంపారు.

లెక్క ఇలా వచ్చింది. నాలుగు స్ట్రోకుల ఆరు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు మూడు పేలుళ్ళు. 51 మైళ్ళ దగ్గర, ఆ టైర్లకూ ఆ యాక్సిల్ నిష్పత్తికీ, ఇంజన్ నిమిషానికి సుమారు 2600 చుట్లు. మూడుతో హెచ్చవేసి అరవైతో భాగిస్తే సెకనుకు 130. సరే, ఒక్క లెక్కతో నమ్మకూడదు. పేలుడు తోపు శుద్ధమైన ఒక్క లయ కాదు, దాని లోపల చుట్టుకు నాలుగున్నర చొప్పున, ఆరు చొప్పున కూడా లయలుంటాయి. క్రాంక్ సొంత వేగం నిజంగా 130 అయితే, నాలుగున్నర లయ 1730 చుట్ల దగ్గర, ఆరో లయ 1300 దగ్గర దాన్ని తగలాలి. గ్రాఫులో చూస్తే రెండు చోట్లా చిన్న గుట్టలు కచ్చితంగా ఉన్నాయి. మూడు వేర్వేరు వేగాలు, మూడూ చూపిస్తున్నది ఒకే 130. పైగా ముందు పుల్లీ దగ్గర గుట్ట కొండంత ఉంటే, ఫ్లైవీల్ దగ్గర దాదాపు చదును. పంచెలో ఎవరు పిండుతున్నారో, ఎవరు పట్టుకుని నిలబడ్డారో అచ్చు గీసినట్టు కనబడింది.

సెన్సార్లు లేని కాలంలో ఏం చేసేవాళ్ళని అడుగుతారు కొందరు. చేతిలో ఏమీ లేకపోయినా ఒక దారుంది. క్రాంక్ ముందు కొసకు తెలిసిన బరువున్న చక్రం ఒకటి అదనంగా బిగించి మళ్ళీ నడపాలి. గుర్రు వచ్చే వేగం కిందికి దిగితే అది మెలి జబ్బే. దిగకపోతే వేరే ఏదో. ఇక చప్పుడు ఎక్కణ్ణుంచో తెలియాలంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించుకోవడం అన్ని దేశాల మెకానిక్కులకూ తెలిసిందే. డాక్టర్ గారి కారులో చప్పుడు క్రాంక్‌ది కాదు, ముందున్న టైమింగ్ గేర్లది, అంటే క్రాంక్ నుంచి వాల్వులను నడిపే గేర్లది. క్రాంక్ కొస అటూ ఇటూ కొట్టుకుంటుంటే గేరు పళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. మనకు వినబడేది ఆ పళ్ళ గోల.

ముందు మూత విప్పితే డ్యాంపర్ బయటపడింది. ఇది లాంచెస్టర్ ఆలోచనకు దగ్గర చుట్టమే. క్రాంక్ కొసన ఒక బరువైన రింగు, గట్టిగా బిగించి ఉండదు, స్ప్రింగులు నొక్కిపట్టిన రాపిడి బిళ్ళల మధ్య ఉంటుంది. క్రాంక్ నిలకడగా తిరిగినంతసేపూ రింగు దానితో కలిసి తిరుగుతుంది. క్రాంక్ చటుక్కున అటూ ఇటూ మెలిపడగానే రింగు తన బరువు వల్ల అంత తొందరగా కదలలేదు, రెంటి మధ్యా రాపిడి పుడుతుంది, మెలి బలం వేడిగా మారి పోతుంది. ఇందులో చిక్కంతా రాపిడి ఎంత ఉండాలన్నదే. మరీ వదులైతే రింగు పని చెయ్యదు. మరీ బిగిస్తే క్రాంక్‌తో ఒకటైపోతుంది, అప్పుడు డ్యాంపర్ కాదు, ఉత్త బరువు.

ఇక్కడ జరిగింది ఆ రెండోదే. ఏళ్ళ తరబడి నూనె మడ్డి బిళ్ళల మధ్య చేరి గట్టిపడింది, మనింట్లో గానుగ నూనె డబ్బా అడుగున పట్టేదానికన్నా చిక్కగా. రింగుకు కడ్డీ తగిలించి స్ప్రింగు త్రాసుతో లాగితే ఒక బలం దగ్గర జారాలి. మేమిద్దరం కలిసి లాగినా జారలేదు. అంటే ఆపడానికి పెట్టింది ఆపకపోగా, తన బరువును క్రాంక్ ముందు కొసకు తగిలించింది. బరువు పెరిగితే సొంత వేగం తగ్గుతుంది. ఎక్కడో డెబ్భై మైళ్ళ అవతల, ఆ కారు ఎన్నడూ పోని చోట ఉండాల్సిన గుర్రు, రోజూ తిరిగే యాభై దగ్గరికి దిగొచ్చింది.

బిళ్ళలు కడిగి, చదును చేసి, స్ప్రింగులు కొలిచి మళ్ళీ పెట్టడం ఆ పనిలో చేయి తిరిగిన ఓ పెద్దాయన చేశాడు, దాని గురించి రాయడానికి పెద్దగా లేదు. నేను పట్టుబట్టింది ఒక్కటే, క్రాంక్ బయటికి తీసి పగుళ్ళు చూడమని. ఇన్నాళ్ళు మెలిపడిన క్రాంక్‌ను ఊరికే నమ్మకూడదు. అయస్కాంతం చేసి, మెరిసే పొడి కలిపిన ద్రవం పోసి, చీకట్లో అల్ట్రావయొలెట్ దీపం కింద చూస్తే వెంట్రుకంత పగులు కూడా ఆకుపచ్చ గీతలా వెలుగుతుంది. మెలి వల్ల వచ్చే పగులు నూనె రంధ్రం అంచున మొదలై నలభై అయిదు డిగ్రీల్లో ఏటవాలుగా, మెట్లు చుట్టుకున్నట్టు పోతుంది. వంగడం వల్ల వచ్చేది అడ్డంగా, క్రాంక్ రెక్కలోకి పోతుంది. విరిగిన ముక్క చేతికొస్తే దాని వాలు చూసి అది ఎలా చచ్చిందో చెప్పొచ్చు. డాక్టర్ గారికి ఇది పోస్ట్‌మార్టంలా ఉందని తెగ నచ్చేసింది, దీపం తనే పట్టుకుంటానన్నారు. అదృష్టవశాత్తూ గీతలేమీ వెలగలేదు.

పోయిన డిసెంబరులో హైదరాబాద్ వెళ్ళినప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపుపచ్చ సిల్వర్ గోస్ట్ చూశాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చెప్పి చేయించిన కారు, 1911లో ఆయన పోయాకే ఊరికి చేరింది. అందరూ సింహాసనంలాంటి వెనక సీటుతో ఫొటోలు దిగుతున్నారు. నేను మాత్రం బోనెట్ ముందు గొంతుక్కూర్చున్నాను, గార్డు అనుమానంగా చూశాడు. ఊరేగింపుల్లో మనిషి నడక వేగంతో నడిచిన కారు అది, చాలా తక్కువ తిరిగింది. దాని క్రాంక్‌కు మెలి అంటే ఏమిటో తెలిసే అవకాశమే రాలేదేమో.

మీలో పాత డీజిల్ కారు ఉన్నవాళ్ళకు ఒక మాట. ఇప్పటి కార్లలో చాలావాటికి క్రాంక్ పుల్లీయే డ్యాంపర్, లోపలి బొడ్డుకూ బయటి రింగుకూ మధ్య రబ్బరు ఉంటుంది. ఇంజన్ ఆపి, చల్లారాక, బొడ్డు నుంచి రింగు దాకా చాక్‌పీసుతో ఒక అడ్డగీత గీయండి. కొన్నాళ్ళ తర్వాత చూస్తే గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే రబ్బరు ఊడినట్టే, పుల్లీ మార్పించుకోండి. బెల్టు వంకరగా ఆడుతున్నా అనుమానించాల్సిందే.

డాక్టర్ గారు నిన్న మళ్ళీ ఫోన్ చేశారు. "ఏమ్మా, అరవై దగ్గర స్టీరింగ్ ఊగుతోంది. నువ్వడిగేలోపే చెబుతున్నా, క్లచ్ తొక్కి చూశాను, న్యూట్రల్‌లో పెట్టి చూశాను, పోవట్లేదు."

"అయితే నా డిపార్ట్‌మెంట్ కాదండి. ముందు చక్రాలు బ్యాలెన్స్ చేయించండి" అన్నాను.

"నేనూ అదే అనుకున్నాను, సెకండ్ ఒపీనియన్ కోసం చేశాను" అన్నారు.